చిన్నపొలం దాకా

బావి దగ్గర డింప్నా చేతిగంట ఊపింది, అందరి నోళ్ళూ మూతపడ్డాయి, నేను చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఇక్కణ్ణించి కొండ కింద రాళ్ళగుట్ట దాకా ఎవరూ మాట్లాడకూడదు. అది ఈ మఠందారి తీర్థయాత్ర ఆచారం, మా అమ్మ కాలంలోనూ ఉంది, వాళ్ళమ్మ కాలంలోనూ ఉంది, నాకు తెలియనిదేం కాదు, అయినా పొద్దున్న ఎనిమిదింటికి చర్చి హాలు దగ్గర బయల్దేరినప్పటినుంచీ ఇదిగో ఇప్పుడు, అదిగో ఆ మలుపు తిరిగాక, అనుకుంటూ తొమ్మిది మైళ్ళు నడిచేశాను. నాకు నాలుగడుగుల ముందు నూలా డఫీ నడుస్తోంది. ఆకుపచ్చ వానకోటు, వీపున సంచీ, ఆ సంచీలో ఒక మూత డబ్బా. మా చిన్నపొలంలో తెల్లరాయి కింద మట్టిని ఆ డబ్బాలో తీసుకువెళ్ళి వాళ్ళమ్మ సమాధిలో కలపాలని వచ్చింది. ఆ తెల్లరాయి కింద వాళ్ళక్క ఉందని ఆమె నమ్మకం. నిజానికి ఆ రాయి కింద ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు, తెలిసినట్టు తలాడించింది మాత్రం నేనే. బావి నుంచి మా చిన్నపొలానికి గంట నడక.

చెప్పే వీలు దొరకలేదని అబద్ధమాడను. దొరికింది, మూడుసార్లు దొరికింది. మొదటిసారి హాలు బయటే. డింప్నా నడిచేవాళ్ళ పేర్లు రాసుకుంటోంది. ఆమె మా ఊరి పోస్టాఫీసు నడుపుతుంది, ఏటా ఈ నడకనీ నడుపుతుంది, ఎవరైనా అడిగితే రోములో పోపుగారినీ నడిపిస్తానంటుంది. "ఏమయ్యా మాలకీ గెరాటీ, ఇన్నేళ్ళూ నీ గేటు మీద మోచేతులు ఆనించి మేం పోతుంటే చూడ్డమేగా నీ పని! ఇవాళేంటి, అరవై దాటాక భక్తి పుట్టిందా, లేకపోతే గొర్రెలు ఇంట్లోంచి గెంటేశాయా?" అంది. "కొత్త బూట్లు కొన్నాను, అరగదీద్దామని," అన్నాను. "ముందు నీ మడమలు అరుగుతాయిలే," అంది. పక్కనే నిలబడ్డ నూలా నవ్వింది, ఆ నవ్వు మీద ఆ మాట ఎలా వెయ్యను, తర్వాత చెబుదామనుకున్నాను. రెండోసారి బురదనేల మీద. చెక్కల బాటలో ఒక చెక్క విరిగి నూలా కాలు మోకాలి దాకా దిగబడింది. ఈ దారిలో ఎవరూ సణగకూడదు, సణుగుడు వచ్చినప్పుడల్లా 'దేవుడికి స్తోత్రం' అనాలి, అదీ ఆచారమే. ఆమె కాలు పైకి లాక్కుని, బూటులోంచి నల్లటి నీళ్ళు వంచుతూ "దేవుడికి స్తోత్రం," అంది. పశువుల సంతలో కూడా అంత గట్టి తిట్టు నేను వినలేదు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం, మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయారు, చుట్టూ అరమైలు దాకా మేమిద్దరమే. "నూలా," అన్నాను. "ఏంటి?" అంది. "మేజోడు పిండుకో," అన్నాను. అరవై ఒక్క ఏళ్ళ మగవాణ్ణి, అంతకుమించి మాట రాలేదు. మూడోసారి టీ దగ్గర, గోడ మీద కూర్చున్నప్పుడు. గుడ్డు సాండ్‌విచ్ సగం తుంచి నా చేతిలో పెట్టింది, నోట్లో గుడ్డు పెట్టుకుని అలాంటి మాట ఎవరైనా చెబుతారా, మింగి తేరుకునేలోపు తను నడిపే బడి బస్సులో వెనక సీటు పిల్లవాడొకడు కప్పని తెచ్చి వదిలిన సంగతి మొదలుపెట్టింది. వింటూ కూర్చున్నాను. ఆమె చెబుతుంటే వినడం నాకిష్టం, అదే వచ్చింది చిక్కు.

వాన పడుతోందనడానికి లేదు, పడడం లేదనడానికీ లేదు. బావి చుట్టూ కుడివైపుగా ఏడు ప్రదక్షిణలు చేసి, లెక్క తప్పకుండా చుట్టుకొక గులకరాయి జారవిడవాలి, అన్నీ అయ్యాక కూడా నా గుప్పిట్లో ఒకటి మిగిలింది. అంటే ఆరే తిరిగానో, ఎనిమిది ఏరుకున్నానో. డింప్నా చూడకుండా కాలిపక్కన పడేశాను. రాళ్ళ లెక్క నా చేతిలో ఎప్పుడు కుదిరింది గనక. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, నాన్న పోయి పొలం నా చేతికొచ్చిన మొదటి ఏడాది, ఇంక నన్ను అడిగేవాడు లేడని మహా పొగరుగా ఉండేది. దిగువ పొలం గేటు దగ్గర ఆవులు పొట్టల దాకా బురదలో దిగబడుతున్నాయి, అక్కడ రాళ్ళు పోసి గట్టిచెయ్యాలి. చిన్నపొలంలో రాళ్ళున్నాయి, ఒక్కోటీ రొట్టె అంత, గడ్డిలో వరసలుగా నిలబెట్టి, ఎవరికీ పనికిరాకుండా. ఆ పొలాన్ని నాన్న ఎన్నడూ దున్నలేదు. ఎందుకని నేను అడగలేదు, అడిగినా చెప్పేవాళ్ళు లేరు. మా వైపు మనుషులు వాన గురించి పూట పూటంతా మాట్లాడతారు, పక్కవాడి కంచె గురించి తరాల తరబడి మాట్లాడతారు, కడుపుకోత గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడరు. జ్ఞానస్నానం అందేలోపే పోయిన పసిగుడ్లకి ఆ రోజుల్లో చర్చి సమాధుల స్థలంలో చోటు ఇచ్చేవారు కాదు. సందెవేళ తండ్రి ఒక్కడే చిన్న చెక్కపెట్టె చంకలో పెట్టుకుని ఇలాంటి చోటికి వచ్చి, పాతి, గుర్తుకి ఒక రాయి నిలబెట్టి, ఇంటికి పోయి టీ తాగేవాడు. తల్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు. నాకంటే ముందు నాకొక అన్న పుట్టి పోయాడని, మా నాన్న పక్కన పద్దెనిమిదేళ్ళు కూర్చుని బంగాళాదుంపలు తిన్నాను గానీ, ఆయన నోటివెంట ఎప్పుడూ వినలేదు.

కాబట్టి పొద్దున్నే ట్రాక్టరు తోలుకొచ్చి, ఈల వేసుకుంటూ ఒక్కో రాయీ పెకిలించి వెనక తొట్టిలో పడేశాను. ఈల వేసుకుంటూ. అది తలుచుకుంటే ఇప్పటికీ పెదాలు పట్టి నొక్కుకోవాలనిపిస్తుంది. మధ్యాహ్నం అమ్మ టీ పట్టుకొచ్చింది, చేతులకి ఇంకా రొట్టె పిండి. గేటు దగ్గర గుట్టని చూసింది. తిట్టలేదు, అరవలేదు, టీ డబ్బా జాగ్రత్తగా కింద పెట్టి గడ్డిలో కూలబడింది. "ఎవరు చెప్పార్రా నీకు?" అంది. "ఎవరూ చెప్పలేదే," అన్నాను. "అవును, ఎవరూ చెప్పలేదు," అంది, అప్పుడు చెప్పింది. ఆ గుట్టలో చాలాసేపు వెతికి, అంచున గంటు ఉన్న రాయి ఒకటి బయటికి లాగి, ఏప్రన్‌లో వేసుకుని, నన్ను ముట్టుకోనివ్వకుండా తనే మోసుకెళ్ళింది. గోడ మూల నుంచి అడుగులు వేసుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని నిలబెట్టింది. ఎన్నేళ్ళుగా లోపల ఆ అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉందో. మిగతావి పాలు పితికే వేళలోపు నువ్వు పెట్టు, ఎక్కడివి అక్కడ, అంది. ఎక్కడివి అక్కడ ఎలా పెట్టను? కొన్నింటికి గడ్డిలో గుంట కనిపించింది, చాలావాటికి ట్రాక్టరు చక్రాలు తొక్కేసి ఆనవాలు లేదు. చూపుకి వరసలు కుదిరేలా పెట్టుకుంటూ పోయాను. వాటిలో తెల్లగా మెరిసే రాయి ఒక్కటే ఉంది. దాన్ని ఎక్కడ పెకిలించానో ఎంత బుర్ర గోక్కున్నా గుర్తుకు రాలేదు. ముళ్ళచెట్టు కింద బాగుంటుందనిపించి అక్కడ పెట్టాను. బాగుంటుందని! కిటికీలో పూలకుండీ పెట్టినట్టు.

నూలా గోడ దాటే రాతిమెట్ల దగ్గర ఆగింది. పై మెట్టు కదులుతుంది, జాగ్రత్త, అన్నట్టు చెయ్యి ఊపి, తను దాటాక వెనక్కి చెయ్యి చాపింది. ఈ మెట్లు నేనే కట్టాను, ఈ గోడా నేనే కట్టాను, పై మెట్టు కదులుతుందని నాకు తెలియదా, అయినా ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, అరచెయ్యి గరుగ్గా ఉంది, బస్సు స్టీరింగు తిప్పితిప్పి. కావలసినదానికంటే ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నానేమో. ఆమె ఏమీ అనుకోలేదు, లేదా మాట్లాడకూడదు గనక అనలేదు. పక్క పొలంలో నా గొర్రెలు తలలెత్తి, యజమాని తీర్థయాత్రలో పడ్డాడని నమ్మలేనట్టు చూశాయి.

మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇలాంటి వానే. పంతొమ్మిదేళ్ళ కింద. అందరూ రాళ్ళగుట్ట దాటి కొండవైపు సాగిపోతుంటే ఆమె మాత్రం వెనక్కి తిరిగి నా గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ళ కుటుంబం ఒకప్పుడు మా ఊరి చివర కూలివాళ్ళ ఇంట్లో ఉండేది, ఆమె పుట్టకముందే బల్లినా పట్నానికి వెళ్ళిపోయారు. "ఇక్కడ తెల్లరాయి ఒకటి ఉండాలి," అంది. "మా నాన్న మా అమ్మకి ఒక్కసారే చెప్పాడట, తెల్లరాయి పెట్టానని. ఆ ఒక్క మాటే అమ్మకి మిగిలింది. అదేనా?" అని ముళ్ళచెట్టు వైపు చూపించింది. అమ్మ అప్పటికి ఉంది, ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, వెళ్ళి అడిగి వస్తానని అయినా అనొచ్చు. అనలేదు. "అదే," అన్నాను. రాయి అదే. చోటు అది కాదు. సగం నిజం మొత్తం అబద్ధం కంటే ఎంత సులువుగా నోట్లోంచి వస్తుందో ఆరోజు తెలిసింది. ఆమె లోపలికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది, బయటికొచ్చినప్పుడు ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది. నేను ఇంట్లోంచి టీ తెచ్చి ఇచ్చాను. ఏడాదికి ఒక్కసారి, జులై చివరి శనివారం, రాళ్ళగుట్ట దగ్గర మౌనం ముగిశాక వెనక్కి వచ్చినప్పుడు, ఒక్క కప్పు టీ, పావుగంట మాట. దానికోసం బుధవారం నుంచే కప్పు తోమి పెట్టుకునేవాణ్ణి. గడ్డి గురువారం కోసేవాణ్ణి, పొడుగుకర్ర కొడవలితో, రాళ్ళకి తగలకుండా మెల్లగా. క్రిస్మస్‌కి కార్డు వచ్చేది, డింప్నా తెచ్చి ఇస్తూ "బల్లినా ముద్ర పడిందయ్యా," అని కన్ను గీటేది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. సిగ్గన్నాను, ఆమెకి బాధ అన్నాను, చచ్చిన బిడ్డకి చోటుతో పనేంటన్నాను. అవన్నీ పైపై మాటలు. చెబితే ఆమె మళ్ళీ రాదు, అందుకు చెప్పలేదు. ఇప్పుడు ఈ నడకలో, నోరు మూసుకుని, ఆమె వీపు చూస్తూ ఒప్పుకుంటున్నాను, ఆమె వస్తుందన్న ఆశ లేకపోతే నా ఏడాదికి వెన్నెముక లేదు.

మూడేళ్ళ కింద గేటు దగ్గర నేనే ఒక మాట జారాను. మా అమ్మ పోయినప్పుడు గంటు రాయి కింద గుప్పెడు మట్టి తీసి శవపెట్టెలో ఆమె అరచేతి కింద పెట్టానని. ఎవరికీ చెప్పని మాట. నూలా కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొన్న మార్చిలో ఉత్తరం వచ్చింది. 'అమ్మ ఫిబ్రవరిలో పోయింది. నువ్వు మీ అమ్మకి చేసినట్టే తనకీ చెయ్యమని అడిగింది. రాతిపలక మీద ఐలీష్ అని కూడా చెక్కిస్తున్నాను. అమ్మ అక్కకి మనసులో పెట్టుకున్న పేరు అది, చివరి వారంలో చెప్పింది. ఈసారి మట్టి తీసుకెళతాను మాలకీ, ఇక ఆ దారిలో నాకు పని ఉండదు.' ఆ చివరి ముక్క ఎన్నిసార్లు చదివానో. చెప్పినా రాదు, చెప్పకపోయినా రాదు. అలాంటప్పుడు నోరు మూసుకుంటే ఆమెకి మనశ్శాంతి అయినా మిగులుతుంది కదా, మట్టి మట్టే కదా, ఏడు అడుగులు ఇటైతే ఏం, అటైతే ఏం. ఈ మాట మార్చి నుంచి ఇప్పటి దాకా వెయ్యిసార్లు అనుకున్నాను. కానీ మా అమ్మ అరచేతి కింద నేను పెట్టింది ఏదో ఒక మట్టి కాదు. ఆమె అడుగులు కొలిచి చూపించిన చోటి మట్టి. ఆ రాత్రి నేను నిద్రపోగలిగానంటే అందుకే. నాకు దక్కింది ఆమెకి దక్కకుండా చేసి, దక్కిందని నమ్మించి పంపిస్తే, ఇంక నేను మనిషినేనా?

దూరంగా ముళ్ళచెట్టు తల కనిపించింది. నడిచేవాళ్ళు ఒకరి వెనక ఒకరు గోడ బయట వరసగా నిలబడ్డారు, అదే పద్ధతి, లోపలికి సొంతవాళ్ళే వెళతారు. ఇన్నేళ్ళూ నూలా ఒక్కతే వెళ్ళేది. గేటు గొళ్ళెం తీశాను. నా సొంత గేటే, అయినా నేను బయటే ఆగాను. ఆమె తడిసిన గడ్డిలో నడిచి, చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుంది. తల వంచి కాసేపు ఉంది. తర్వాత సంచీ ముందుకి తిప్పుకుని డబ్బా తీసి, మూత విప్పి, రాయి పక్క గడ్డిని వేళ్ళతో పాయలుగా విడదీసింది. పసిపిల్ల జుట్టు సర్దినంత మెల్లగా. ఇంక నావల్ల కాలేదు.

"నూలా, ఆగు."

గోడ బయట ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. డింప్నా తల తిప్పి నావైపు గుడ్లురిమింది. నేను వెళ్ళి నూలా పక్కన, తడిలో, మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"రాయి అదే. చోటు అది కాదు. నేనే పెట్టానిక్కడ. పంతొమ్మిదేళ్ళ వయసులో తెలియక అన్ని రాళ్ళూ పీకేశాను, గేటు దగ్గర బురదలో పొయ్యడానికి. అమ్మ చూసి మళ్ళీ పెట్టించింది. మా అన్న రాయి ఒక్కటే అమ్మ గుర్తుపట్టింది. మిగతావి నేను ఊహించి పెట్టాను. ఇది ఎక్కణ్ణించి తీశానో నాకు తెలీదు. నువ్వు అడిగిన రోజు కూడా తెలీదు."

ఆమె చేతులు గడ్డిలోనే ఉన్నాయి. నావైపు చూడలేదు.

"పంతొమ్మిదేళ్ళు," అంది.

"అవును."

"టీ ఇస్తూ."

"అవును."

"సిగ్గులేదు నీకు మాలకీ."

"లేదు."

వాన ఆమె కోటు టోపీ మీద చిటపటమంటోంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళిపోతే వెనక నుంచి పిలవకూడదని కూడా అనుకున్నాను.

"ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"చెబితే మళ్ళీ రావని."

అప్పుడు చూసింది నావైపు. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు, నేను గడ్డివైపే చూస్తున్నాను. కళ్ళెత్తేసరికి ఆమె చూపు నా మీద లేదు, పొలమంతా తిరుగుతోంది, ఒక వరస నుంచి ఇంకో వరసకి.

"ఇక్కడే ఎక్కడో ఉంది అంటావు."

"ఈ గోడ లోపలే. అది ఒట్టేసి చెప్పగలను."

"మొత్తం ఎన్ని?"

"ముప్పై నాలుగు."

"మిగతావాళ్ళకోసం ఎవరైనా వస్తారా?"

"ఎవరూ రారు. నేను గడ్డి కోస్తాను, అంతే."

ఆమె వానకోటు చేతి అంచుతో ముఖం తుడుచుకుంది, దానితో ముఖం ఇంకా తడిసింది. సంచీ అడుగున తడిమి టీ చెంచా ఒకటి బయటికి తీసింది. చెంచా వంక, డబ్బా వంక మార్చి మార్చి చూసింది.

"ముప్పై నాలుగు చోట్లా తలా ఇంత తీస్తే సరిపోతుంది," అంది. "అమ్మకి నలుగురిలో ఉండడమే ఇష్టం."

"సాయంత్రం బల్లినా బస్సు నీకోసం ఆగదు నూలా."

"పోనీ. నీ జేబులో కత్తి ఉంటుంది కదా, తియ్యి."

తీశాను. వాన నీళ్ళు కళ్ళలోకి కారుతుంటే రెండు చేతులా పట్టి తెరవాల్సి వచ్చింది.

"ఆ గోడ వైపు నుంచి మొదలుపెట్టుకుంటూ రా," అంది, అప్పటికే చెంచా మట్టిలో దించుతూ. "ఒక్కరినీ వదలకు."